ముళ్లవ్వ దాచుకున్న దుంపలు

ఇప్పలకోన అడవిలో కుందేళ్లు, జింకలు, ఉడుతలు, కొండముచ్చులు ఉండేవి. ముళ్లవ్వ అనే ముసలి ముళ్లపంది కూడా ఉండేది. దానికి చూపు సరిగా ఆనదు. అయినా ఎవరికి ఏ చిక్కొచ్చినా సలహా అడిగేది దాన్నే. ఆ సంగతి దానికి కాస్త ఎక్కువగానే తెలుసు.

వేసవికని అది బొరియ నిండా దుంపలు దాచుకుంది. కాళ్లు సాగని ఈ వయసులో అవి లేకపోతే పస్తులే.

ఒక మధ్యాహ్నం నక్క ఒకటి రొప్పుకుంటూ వచ్చింది.

"అవ్వా, సింహరాజుగారు పంపారు. కొండ వెనక కార్చిచ్చు లేచింది. నీ దుంపలు ఏటి అవతలి గుహకు చేర్చమన్నారు. ఎవరికీ చెప్పకు, అక్కడ చోటు తక్కువ."

ముళ్లవ్వ హడలిపోయింది. రాజుగారు తననే తలుచుకున్నారని లోపల పొంగిపోయింది కూడా. ఆదరాబాదరాగా దుంపలన్నీ బయట పడేసింది. నక్క సగం మూటగట్టుకుని, "మిగతావాటికి ఇప్పుడే వస్తా" అని పరుగెత్తింది.

అప్పుడు చెట్టు మీద అలికిడయింది. కళ్లు చికిలించి చూస్తే, కొండముచ్చులు తాపీగా ఇప్పపూలు తింటున్నాయి. ఆ అడవిలో పులి వచ్చినా, మంట లేచినా ముందు కేక వేసేది అవే. మరి ఇవాళ కేకేదీ?

కార్చిచ్చు మాట అబద్ధమని ముళ్లవ్వకు అర్థమైంది. 'అందరికీ బుద్ధులు చెప్పే నేను ఈ మాట ఎలా చెప్పుకోను?' అని సిగ్గుతో చితికిపోయింది. కానీ పక్క బొరియలో ముసలి కుందేలు ఉంది. తను నోరు మూసుకుంటే నక్క రేపు అక్కడికీ వెళ్తుంది.

"ఒరే కొండముచ్చూ, నన్ను నక్క మోసం చేసిందిరా. కేక వెయ్యి" అని గట్టిగా అరిచింది.

కేక అడవంతా మారుమోగింది. జింకలు దూకాయి, ఉడుతలు ఉరికాయి. రెండో మూటకని వచ్చిన నక్కను అన్నీ చుట్టుముట్టాయి. ముళ్లవ్వ ముళ్లు నిక్కబొడుచుకుని, వెనక్కి వెనక్కి ఉరికి ఒక్క గుద్దు గుద్దింది. మూతి నిండా ముళ్లు దిగిన నక్క, దుంపలు దాచిన చోటు చెప్పేసి అడవి వదిలి పారిపోయింది.

దుంపలు బొరియకు చేరాయి. అందరూ గంతులేస్తుంటే ముసలి కుందేలు మెల్లగా ముళ్లవ్వ దగ్గరికి వచ్చింది.

"పోయిన వేసవిలో నా ఎండు రేగుపళ్లూ ఈ నక్కే ఇలాగే నమ్మించి పట్టుకుపోయింది వదినా. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు" అంది.

నీతి: తొందరపెట్టి, ఎవరికీ చెప్పొద్దనే వాళ్లను నమ్మకండి. మోసపోతే సిగ్గుపడి దాచకండి, వెంటనే నలుగురికీ చెప్పండి.