ఇంట్లో లేని ముగ్గురు

జ్యేష్ఠ శుద్ధ దశమి, గురువారం, ఉదయం సరిగ్గా తొమ్మిది గంటల పది నిముషాలకి, గవిరెడ్డి సన్యాసిరావు ఇంట్లో గోడ గడియారం కింద కూర్చుని పిల్లల సంక్షేమం ఆఫీసు మేడం ఒక మాట అంది. ఆ ఒక్క మాటకి ఆ ఇల్లు వారం రోజులు అల్లకల్లోలమైపోయింది.

ముందు ఆ ఇంటి వాళ్ళ తెలివి గురించి చెప్పాలి. మనం చెప్పకపోతే వాళ్ళే వచ్చి చెప్తారు.

సన్యాసిరావు, అతని భార్య నరసాయమ్మ, తమ్ముడు గురునాథం. పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుని, "ఊళ్ళో బుర్రలన్నీ తూచి చూసి, అమ్మానాన్నా లేని పిల్లని సర్కారు వారు మనకే పెంచమని ఇచ్చారంటే ఊరికే ఇచ్చారా?" అని ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకునేవాళ్ళు. నిజానికి ఆ రోజు ఆఫీసు వాళ్ళు వచ్చేసరికి వీధి మొత్తానికి తలుపు తీసి ఉన్న ఇల్లు అదొక్కటే. మూయడం మర్చిపోయారు.

ఆ పిల్ల పేరు నూకరత్నం. తొమ్మిదో ఏట వచ్చింది, వచ్చే గురువారానికి పద్దెనిమిది నిండుతాయి. ఈ తొమ్మిదేళ్ళలో ఎవరు ఎవర్ని పెంచారో నూకాలమ్మ తల్లికే ఎరుక. "స్టవ్ వెలిగించండి" అంటే చాలదనీ, "తర్వాత ఆర్పండి" అని కూడా చెప్పాలనీ ఆ పిల్ల పదో ఏటే నేర్చుకుంది.

మేడం చెప్పిందేమిటంటే, పద్దెనిమిది నిండాక రత్నం వీళ్ళ పెంపకంలో ఉండదు. అనకాపల్లిలో ఒక బేకరీలో పని దొరికింది, ఆడపిల్లల హాస్టల్లో గదీ దొరికింది. గురువారం పొద్దున్నే మేడం వచ్చి, వంట, బ్యాంకు పని రత్నం సొంతంగా చేసుకోగలదో లేదో చూసి, పెంచిన వాళ్ళ సంతకం తీసుకుని, తొమ్మిది గంటల బస్సులో తీసుకెళ్తుంది. పది లోపల చేరకపోతే ఆ గది ఇంకో అమ్మాయికి వెళ్ళిపోతుంది. తర్వాత బస్సు పదకొండుకి గానీ లేదు.

"అందుకని ఈ వారం రోజులూ మీరు తనకి ఏ సాయమూ చెయ్యకండి. అన్నీ తనే చేసుకోవాలి. మీరు అసలు ఇంట్లో లేరనుకోండి" అంది మేడం.

ఇంకేముంది! మేడం గుమ్మం దాటిందో లేదో, ముగ్గురూ ఇంట్లో లేకుండా పోయారు. ఎక్కడికీ వెళ్ళలేదు. కూర్చున్న చోటే కూర్చుని, లేకుండా పోయారు.

మర్నాడు పాలవాడు వచ్చి "పాలండీ" అన్నాడు.

"ఇంట్లో ఎవరూ లేరు" అన్నాడు సన్యాసిరావు, బల్ల మీంచే.

"మరి మీరెవరండీ?"

"మేవే. లేం."

పాలవాడు ఒకసారి మొహంలోకి చూసి, క్యాను ఎత్తుకుని చక్కా పోయాడు. రత్నం ఆ పూట పాలు లేని టీ తాగింది.

ఎవరూ లేని ఇల్లు తీసి ఉంటే దొంగలు పడరూ అని నరసాయమ్మకి అనుమానం వచ్చింది. అంతే. గురునాథం బయటికెళ్ళి తాళం వేశాడు. వేశాక, తను బయట ఉండిపోయాడని తెలిసి, తాళం తీసి లోపలికొచ్చాడు. వచ్చాక, తాళం తీసి ఉందని మళ్ళీ వెళ్ళి వేశాడు. ఇలా మూడుసార్లు అయ్యాక, నాలుగోసారి తాళం వేసి, పెరటి గోడ దూకి, మోకాలు చెక్కుకుపోయినా నవ్వుతూ లోపలికొచ్చాడు.

బ్యాంకులో ఫారం సొంతంగా నింపుకుని, పాసుపుస్తకం పట్టుకుని ఎండలో వచ్చింది రత్నం. చూస్తే తలుపుకి తాళం. లోపల ముగ్గురి గొంతులూ వినిపిస్తున్నాయి.

"చిన్నాన్నా, తాళం తియ్యి!"

"ఎవరూ లేని ఇంట్లో ఎవరొచ్చి తీస్తారే?"

"నువ్వు మాటాడుతున్నావు కదా!"

లోపల్నించి నరసాయమ్మ గొంతు: "మాటాడకు మరిదీ, ఉన్నావనుకుంటుంది."

రత్నం కూడా గోడ దూకింది.

"పెద్దమ్మా, మేడం గారి ఉద్దేశం అది కాదే" అని ఎంతో నెమ్మదిగా చెప్పబోయింది.

"ఆవిడ మాట అంది, ఉద్దేశం అనలేదు" అంది నరసాయమ్మ గోడకేసి తిరిగి. "అయినా నేను లేను. నాతో మాటాడకు."

ఇక భోజనం సంగతి. ఇంట్లో లేని వాళ్ళకి రత్నం వండిన అన్నం తినే దారేది? మొదటి రోజంతా పస్తున్నారు. రెండో రోజు కడుపులు కాలి, సన్యాసిరావు బుర్ర పనిచేసింది. లేని వాళ్ళు తినకూడదు గానీ చుట్టాలు తినొచ్చు కదా! అప్పట్నించీ రెండు పూటలా పెరటి గోడ దూకి వెళ్ళి, వీధి గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, బాగున్నావా? ఇటుగా పోతూ వచ్చాం" అనేవారు. రత్నం లోపల్నించి తాళంచెవి పట్టుకుని అదే గోడ దూకి వచ్చి తాళం తియ్యాలి, కాళ్ళకి నీళ్ళివ్వాలి, నలుగురికి వండాలి. తిన్నాక, "మీ పెదనాన్నా వాళ్ళూ కనపడరేం?" అని సన్యాసిరావే అడిగేవాడు.

"ఊరెళ్ళారండీ" అనేది రత్నం పళ్ళు బిగించి.

"మంచి తెలివైన వాళ్ళమ్మా" అని చెప్పి, చెయ్యి తుడుచుకుని, వీధిలోకెళ్ళి, మళ్ళీ గోడ దూకి లోపలికొచ్చి లేకుండా పోయేవాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మంగళవారం జరిగింది మాత్రం నవ్వే పని కాదు.

పెట్టెలో చెమ్మ పట్టాయని రత్నం తన కాగితాలన్నీ పెరట్లో మంచం మీద ఎండకి పరిచి, కుళాయి దగ్గరికి బట్టలుతకడానికి వెళ్ళింది. రోజూ దూకీ దూకీ ఓ పక్క కూలిన పెరటి గోడ సందులోంచి ఎవరిదో ఆవొకటి వచ్చింది. టెన్త్ మార్కుల కాగితం అంచు పట్టుకుంది. ముగ్గురూ అక్కడే వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ హుష్ అనలేదు. ఇంట్లో లేని వాళ్ళు హుష్ అంటే ఎలా కుదురుతుంది?

రత్నం వచ్చి, అరిచి, ఆవు నోట్లోంచి కాగితం లాక్కుంది. ఓ మూల పోయింది గానీ, నంబరూ ముద్రా మిగిలాయి.

"చూస్తూ ఎలా కూర్చున్నారు పెదనాన్నా!"

"చూళ్ళేదమ్మా, లేం కదా" అన్నాడు సన్యాసిరావు నొచ్చుకుని. "లెక్కల దగ్గర మొదలెట్టింది, సైన్సు తిని సోషల్ మీదికి పోతుంటే నువ్వొచ్చావు."

ఆ సాయంత్రం దీపం దగ్గర చేతులు జోడించి రత్నం ఒకటే కోరుకుంది. "నూకాలమ్మ తల్లీ, వీళ్ళకి తెలివిమ్మని అడగను, నిన్నంత కష్టపెట్టను. గురువారం దాకా నాకు ఓపికియ్యి చాలు."

గురువారం ఏడున్నరకి, రత్నం తాళం తీసిపెట్టిన తలుపులోంచి మేడం వచ్చింది. రత్నం చేసిన ఉప్మా తింది. పాసుపుస్తకం చూసింది, సర్దుకున్న పెట్టె చూసింది, మూల పోయిన కాగితం చూసి ఏదో అడగబోయి, బల్ల మీద ముగ్గురి మొహాలూ చూసి మానేసింది.

"సన్యాసిరావు గారూ, ఇక్కడ సంతకం పెట్టండి."

ఆయన కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

"మిమ్మల్నే!"

"లేని మనిషి సంతకం పెడితే అది దొంగ సంతకం" అన్నాడు సన్యాసిరావు ఆకాశంతోనే. "జైల్లో పెడతారు."

"లేరనుకోమన్నది నేనేనండీ! ఇప్పుడు నేనే ఉన్నారంటున్నాను!"

"వారం రోజులన్నారు. తమరు ఆ మాటన్నది తొమ్మిదీ పదికి. గడియారం కిందే కూర్చుని అన్నారు. తొమ్మిదీ పదికి వచ్చేస్తాం. ఎంతసేపు!"

"బస్సు తొమ్మిదికండీ!"

మేడం లేచి గడియారం ముల్లు ముందుకి తిప్పబోయింది. "దొంగ టైము! దొంగ టైము!" అని గురునాథం బల్లెక్కి గడియారాన్ని కావలించుకున్నాడు.

ఎనిమిదీ నలభై అయింది. మేడం తల పట్టుకుంది. రత్నానికి హాస్టల్లో గదీ, గదిలో మంచం, మంచం పక్కన తన పెట్టె పెట్టుకునే చోటూ అన్నీ కళ్ళ ముందే జారిపోతున్నాయి. పెదనాన్న ఎదురుగా వెళ్ళి నిలబడింది. తొమ్మిదేళ్ళు వీళ్ళతో ఉంది, వీళ్ళతో ఎలా మాట్లాడాలో తనకి కాక ఎవరికి తెలుసు?

"పెదనాన్నా, మీరు ఇంట్లో లేరు. ఒప్పుకున్నాను. మరి ఎక్కడున్నారు?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. వారం రోజుల్లో ఈ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు.

"ఇంట్లో లేని మనిషి ఎక్కడో చోట ఉండాలి కదా" అంది రత్నం. "వీధిలో ఉండొచ్చా?"

"వీధిలో ఉండకూడదని మేడం గారు అన్లేదు" అన్నాడు సన్యాసిరావు ఆలోచించి.

అంతే. రత్నం పెట్టె ఎత్తుకెళ్ళి నడివీధిలో పెట్టింది. అరుగు మీద సంతకం పెడదామంటే, అరుగు ఇంటిదేనని నరసాయమ్మ ఒప్పుకోలేదు. నడివీధిలో, పెట్టె మూత మీద, ఎడ్లబండి వాడు ఆగి చూస్తుండగా, సన్యాసిరావు దర్జాగా సంతకం పెట్టాడు. సంతకం అయిపోయాక వీధిలో పనేముందని ముగ్గురూ తిన్నగా ఇంట్లోకి పోయి మళ్ళీ లేకుండా పోయారు.

మేడం కాగితం మడుచుకుంటూ, "నీకు పరీక్షలన్నీ అయిపోయాయమ్మా. వీళ్ళని నెగ్గుకొచ్చినదానివి, నీకు ఇంకెక్కడా కష్టముండదు" అంది.

రత్నం గుమ్మం దగ్గరికెళ్ళి, "వెళ్ళొస్తాను పెద్దమ్మా" అంది. నరసాయమ్మ కళ్ళనిండా నీళ్ళు. పెదవి కదల్లేదు. లేదు కదా.

బస్సు తొమ్మిదింటికి కదిలిపోయింది. తొమ్మిదీ పది అయింది. ముగ్గురూ ఒక్క ఉరుకున వీధిలోకొచ్చి, ఖాళీ రోడ్డుకేసి, "జాగ్రత్తమ్మా! వేళకి తిను! వెళ్ళి ఉత్తరం రాయి!" అని గొంతులు చించుకుని ఏడ్చారు.

మర్నాడు పొద్దున్న లేచారు. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. టీ రాలేదు. దీపం వెలగలేదు. ఎనిమిదైనా పొయ్యి మీద ఏమీ ఉడకలేదు.

సన్యాసిరావు చాలాసేపు ఆలోచించి తేల్చాడు. "మనం లేనన్నాళ్ళూ ఇల్లు ఎంత చక్కగా నడిచింది! వేళకి దీపం, వేళకి అన్నం. మనం రాగానే పాడైపోయింది. మనం ఉండటమే దీనికి పడ్డంలేదు."

ఇంకేముంది! ముగ్గురూ బయటికొచ్చి తాళం వేశారు. అన్నం ఉడికాక ఇల్లే తలుపు తీసుకోవాలి గదా అని, తాళంచెవి కిటికీలోంచి లోపలికి విసిరేశారు. విసిరేసి, వీధికి అవతల వరసగా చతికిలబడి, వంటింటి గొట్టంలోంచి పొగెప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నారు.