మన కొండ, మా కొండ

మంచుకోనను ఏలే గజపాలుడికి ఏది చూసినా "ఇది మాది" అనకపోతే తోచేది కాదు. కొండా మాదే, వానా మాదే, ఇంద్రధనుస్సు అవతలి ఒడ్డున దిగితే ఇవతలి సగమైనా మాదే అనేవాడు. కోన కింద ఏరు పారేది. ఏటికి ఆవల సోమలాదేవి ఏలే రేవుసీమ ఉండేది. పొద్దున్నే ఏటి మీద లేచే పొగమంచులో రెండు ఒడ్లూ కలిసిపోయేవి. ఏది ఎవరిదో పక్షులకు కూడా తెలిసేది కాదు.

ఒక ఏడాది రేవుసీమలో వింత జ్వరం పుట్టింది. అది సోకినవాళ్లు నవ్వుతూ నిద్రపోయేవారు. తిండీ నీళ్లూ లేక ఆ నిద్రలోనే వాడిపోయేవారు. దానికి మందు మంచుకోన కొండ మీద దొరికే చేదువేరు ఒక్కటే. సోమలాదేవి తాటాకు మీద లేఖ పంపింది.

"మనకు నిద్రజ్వరం వచ్చింది. మన కొండ మీది చేదువేరు పది బుట్టలు పంపండి. నా తమ్ముడు కూడా పడుకున్నాడు."

గజపాలుడు మండిపడ్డాడు. "మనకేమిటి, వాళ్లకు! మన కొండేమిటి, మా కొండ!"

"ప్రభూ, తాతల నాటి నుంచీ రెండు ఒడ్ల లేఖల్లోనూ 'మన' అనే రాసుకుంటున్నాం" అన్నాడు రాజుగారి లేఖలు రాసే లింగన.

రాజు వినలేదు. లింగన చేతిలోని ఘంటం లాక్కుని, "మనకు" కొట్టేసి "మీకు" అని, "మన కొండ" కొట్టేసి "మా కొండ" అని దిద్దాడు. వేరు పంపలేదు. ఆ తాటాకునే తిప్పి పంపాడు. పడవలన్నీ ఒడ్డుకు లాగించి, "ఇక మాకేం భయం!" అన్నాడు.

పడవలు ఆగాయి గానీ పొగమంచు ఆగలేదు. వారం తిరక్కుండానే రాజుగారి ముద్దుల కూతురు మంజీర పూలు గుచ్చుతూ గుచ్చుతూ నిద్రలోకి జారిపోయింది. చేదువేరు కషాయం పోస్తే మధ్యాహ్నానికి లేచి కూర్చుంది. రాజుకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున మంచు కమ్మగానే మళ్లీ పడుకుంది. అలా ఆరుసార్లు. ఆరోసారి లేచినప్పుడు తండ్రిని గుర్తుపట్టడానికి ఆ పిల్లకు చాలాసేపు పట్టింది.

"ఇంకెంత పొయ్యాలయ్యా?" అని వైద్యుడు చెంచయ్య మీద రాజు అరిచాడు.

"ఇక్కడ ఎంత పోసినా లాభం లేదు ప్రభూ. అవతలి ఒడ్డువాళ్లు లేవనంతవరకూ మంచు జ్వరాన్ని మోసుకొస్తూనే ఉంటుంది. మంచుకు పొలిమేరలు తెలియవు గదా!"

రాజు ఆ పూటే వేరు బుట్టలు పడవలకెక్కించి, తనే ముందు పడవలో బయల్దేరాడు. రేవులో సోమలాదేవి ఒంటరిగా నిలబడి ఉంది. ఆమె చేతిలో ఆ దిద్దిన తాటాకు ఉంది.

"ఆలస్యమైందా, అమ్మా?" అన్నాడు రాజు.

"ఊరికి కాలేదు రాజా. నా తమ్ముడికి అయింది."

గజపాలుడు తల దించుకున్నాడు. బుట్టలు తనే మోశాడు. ఆ రోజు రెండు ఒడ్ల మీదా ఒకేసారి పొయ్యిలు వెలిగాయి, ఒకేసారి కషాయం పోశారు. మర్నాడు మంచు ఎప్పటిలాగే లేచింది. ఈసారి ఎవరూ నిద్రలోకి జారలేదు.

మంజీర కళ్లు నులుముకుంటూ ఏటి వైపు చూసింది. మంచులో రేవుసీమ పడవలు తేలుతూ వస్తున్నాయి.

"ఎవరి పడవలు నాన్నా అవి? మనవా, వాళ్లవా?"

"మనవేనమ్మా" అన్నాడు గజపాలుడు. "అన్నీ మనవే."

నీతి: పొరుగింటి జబ్బు నయం కానిదే మన ఇంటి జబ్బు నయం కాదు, ఆపదలో "మా" అని దాచుకున్నది దక్కదు, "మన" అని పంచుకున్నదే కాపాడుతుంది.