మొసళ్ళ ఏటి నూకాలు మామ్మ

అనగనగా, ఏరు ఇప్పటికి రెండింతల వెడల్పున పారిన రోజుల్లో, ఆ ఏటి ఒడ్డున ఒక రేవు. ఆ రేవులో నూకాలు అనే ముసలామె దోనె నడిపేది. ఒకే మానును తొలిచి చేసిన సన్నటి పడవ అది. ఆమె కాక మరో ఇద్దరే పట్టేవాళ్ళు.

ఏటి నడుమ లంక. లంకలో పశువులకు గడ్డి. ఏటి నిండా మొసళ్ళు. అయినా దాటక తప్పదు.

నూకాలు మొగుడు పెంటయ్య కూడా దోనె నడిపినవాడే. ఒకనాడు ఎండకు తాళలేక నీళ్ళలో చెయ్యి ఆడిస్తూ కూచున్నాడు. మొసలి ఆ చెయ్యి పట్టి లాక్కుపోయింది. నూకాలు ఎదురుగానే ఉంది. అంతా రెప్పపాటులో అయిపోయింది.

ఆమెకు పిల్లలు లేరు. ఏడాది పొడుగునా గట్టు మీద కూచుని మొసళ్ళనే చూసింది. ఏ ఇసుకలో పడుకుంటాయో చూసింది. ఎక్కడ గుడ్లు పెడతాయో చూసింది. ఏ వేళకు వేటకు దిగుతాయో చూసింది. అప్పుడు లేచి మొగుడి తెడ్డు పట్టింది.

మొసళ్ళు పడుకునే ఇసుకకు ఎడంగా పోయేది. అవి గుడ్లు కాసుకునే రోజుల్లో చుట్టుతోవన పోయేది. దోనె ఎక్కినవాళ్ళకు మాత్రం మూడే మాటలు చెప్పేది.

"చెయ్యి లోపల. చేప లోపల. పొద్దు లోపల."

చెయ్యి నీళ్ళలో పెట్టొద్దని, చేప కడిగి పేగులు ఏట్లో పారెయ్యొద్దని, పొద్దుగుంకే లోపల ఒడ్డు చేరాలని. ఎక్కిన ప్రతిసారీ చెప్పేది. చేపలు పట్టేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ముసలిదానికి మొసలి పిచ్చి అనేవాళ్ళు. ఆమె తెడ్డు వేసేది.

ఒక శ్రావణ మాసం. ఊళ్ళో చినుకు లేదు గానీ పై కొండల్లో వాన దంచింది. లంకలో ఆరుగురు ఆడవాళ్ళు గడ్డి కోస్తున్నారు. పొద్దు వాలేసరికి నీళ్ళు లంక మీదికి ఎక్కాయి. మిగతా దోనెలన్నీ ఎగువకు చేపల వేటకు పోయాయి. రేవులో ఉన్నది నూకాలు దోనె ఒక్కటే.

నూకాలు తెడ్డు తీసుకుంది. గట్టు మీద ఒకతను అడ్డం వచ్చి, పొద్దు గుంకుతోంది, నీ మాట నువ్వే తప్పుతావా మామ్మా అన్నాడు.

"పొద్దు వాళ్ళకీ గుంకుతోంది కదా, నాయనా" అంది నూకాలు.

వెళ్ళింది. ఇద్దర్ని తెచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఇద్దర్ని తెచ్చింది. మూడోసారి వెళ్ళేటప్పటికి ఏరు ఎర్రబడింది. లంకలో మిగిలింది పైడి అనే కొత్త కోడలు, ఆమె అత్త. మొలలోతు నీళ్ళలో ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

వాళ్ళను ఎక్కించుకుంది. సగం దూరం వచ్చారు. పైడి చేతిలోని కొడవలి జారింది. అది పుట్టింటినుంచి తెచ్చుకున్నది. పైడి గబుక్కున వంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది.

నూకాలు తెడ్డు దోనెలో పడేసి ముందుకు వాలింది. ఆ పిల్ల మణికట్టు పట్టి లోపలికి లాగింది. అప్పుడే నీళ్ళు విచ్చుకున్నాయి. పైడి చేతి కోసం వచ్చిన మొసలికి నూకాలు చెయ్యి దొరికింది.

"చెయ్యి లోపల పెట్టుకో, తల్లీ" అంది నూకాలు. అంతే. దోనె ఒకసారి ఒరిగి నిలబడింది. ఆమె చోటు ఖాళీగా ఉంది.

తెడ్డు దోనెలోనే ఉంది. పైడి ఏడుస్తూ వేసింది. అత్త ఏడుస్తూ దారి చెప్పింది. ఒడ్డు చేరారు.

మూడు రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు. నీళ్ళలో పెట్టిన ఆ చేత్తో పైడి అన్నం కలుపుకోలేకపోయింది. చాలాకాలం అత్తే ముద్దలు చేసి పెట్టింది. నీ తప్పు కాదే అని అత్త ఎన్నోసార్లు చెప్పింది. వరద తీశాక ఒకనాటి ఉదయం పైడి తనంతట తానే రేవుకు వెళ్ళి దోనె నీళ్ళలోకి నెట్టింది. మొదట ఎక్కింది నవ్విన చేపలవాళ్ళే. ఎవరూ చెప్పకుండానే చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

ఇవాళ్టికీ ఆ రేవులో అందరి చేతులూ ఒళ్ళోకి వచ్చేదాకా దోనె కదలదు. పొరుగూరివాళ్ళు అది ఏటికి పెట్టే దణ్ణమనుకుంటారు. పడవలో పసిబిడ్డ నీళ్ళవైపు చెయ్యి చాపితే, పక్కనున్నవాళ్ళు ఆ చెయ్యి పట్టి మెల్లగా లోపలికి తీసుకుంటారు. ఆ బిడ్డ ఎవరి బిడ్డయినా సరే.