మద్దిలేటి, రెండు, మూడు

అనగనగా, రోడ్లూ వంతెనలూ లేని రోజుల్లో, మద్దిలేటి అనే కూలివాడి చేతిలో మూడు దమ్మిడీలుండేవి. ఒకదానికి బొరుగులు కొన్నాడు. ఒకదానికి కొలత గీతలు గీయడానికి సున్నం కొన్నాడు. ఒకటి భార్య లింగమ్మ చేతిలో పెట్టాడు. తాలూకా కచేరి ఎక్కడ కట్టాలో తేల్చడానికి తాసీల్దారు వచ్చి, వాగు అవతల కొత్తపల్లెలో గుడారం వేశాడు మరి.

"మా ఊళ్లోనే కట్టండి. వాగంటారా, మోకాలి లోతు," అన్నాడు కొత్తపల్లె మునసబు.

కిందటేడు అర్జీ పట్టుకుని పోతూ మద్దిలేటి తల్లి ఆ మోకాలి లోతులోనే కొట్టుకుపోయింది.

"మా ఒడ్డున బోడిగుట్ట కాడ కట్టండి సామీ. మూడూళ్లకూ దగ్గర," అన్నాడు వాగు దాటి వచ్చిన మద్దిలేటి.

"కొలిచి చెప్పు. రేపు పొద్దుగూకితే నేను వెళ్లిపోతాను," అన్నాడు తాసీల్దారు.

మద్దిలేటి నడిచాడు. నూరడుగులకో చింతగింజ కొంగులో వేసుకున్నాడు. బోడిగుట్ట నుంచి తుమ్మలూరికి నడిచాడు, ముప్ఫై గింజలు. రాగులపాటికి నడిచాడు, ముప్ఫై నాలుగు. గొర్రెలదొడ్డికి నడిచాడు, ఇరవై తొమ్మిది. ఊరూరా సున్నంతో గీత గీశాడు. నడిచినంతసేపూ మబ్బుల వంకే చూశాడు.

మూడో గీత గీసేసరికి ఎగువన వాన పడింది. ఒడ్డుకొచ్చి చూస్తే వాగంతా ఎర్రనీళ్లు. అవతల గుడారం తాళ్లు విప్పుతున్నారు.

"ముప్ఫై! ముప్ఫై నాలుగు! ఇరవై తొమ్మిది!" అని అరిచాడు.

"మరి కొత్తపల్లెకు రావాలంటే, వాగెంత?" అవతలి నుంచి తాసీల్దారు అరిచాడు.

మద్దిలేటి వాగును కొలవలేదు. ఆ ఊళ్లవాళ్లు నేలనే కొలుస్తారు. ఎండితే పోయే వాగును ఎవరూ లెక్కలో కలపరు.

"దిగి లెక్కపెట్టరా, లెక్కలోడా! మోకాలి లోతే!" మునసబు నవ్వాడు.

"వద్దు మామా. అత్తను మింగింది చాలదా?" ఒడ్డుకు పరుగెత్తుకొచ్చిన లింగమ్మ చెయ్యి పట్టుకుంది.

"అందుకే దిగుతుండా. ఈ పొద్దు తేలకుంటే ఏటా ఎవరో ఒకరు దిగాల్సిందే."

గింజల మూట ఆమె చేతిలో పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నీళ్లు మోకాలు దాటాయి, నడుము దాటాయి, భుజం దాటాయి. పదిహేడు దాకా గొంతు వినిపించింది.

తాసీల్దారు చీకటి పడేదాకా ఒడ్డునే నిలబడ్డాడు. మునసబు మళ్లీ నవ్వలేదు. కచేరి బోడిగుట్ట కాడ కట్టారు. దాని చుట్టూ ఊరు పుట్టింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఇల్లు కొలిచినా, చేను కొలిచినా "ఒకటి" అనరు. "మద్దిలేటి, రెండు, మూడు" అంటారు. పదిహేడు కాడ ఆగి, చెవి ఒగ్గుతారు. అప్పుడు వాడి బదులు పద్దెనిమిదో అడుగుకు కాలు ఎత్తుతారు.