వీరడి ఒంటిమీద గాయం

గుట్ట కింద మెట్టచేలో ఒక దొడ్డి. చుట్టూ ముళ్ళకంచె, లోపల బోలెడు గొర్రెలు, నాలుగు మేకలు, ఒక ముసలి ఎద్దు, కాపలాకి ఒక కుక్క. యజమాని ఎప్పుడొస్తాడో, ఎప్పుడు పోతాడో ఆయనకే తెలియదు. అందుకని దొడ్డి మంచిచెడ్డలు దొడ్డివాళ్ళే చూసుకునేవాళ్ళు.

వాళ్ళకో కట్టుబాటు ఉండేది. కాపలాకుక్క ఎవరి ప్రాణమైనా తీస్తే, తెల్లారి అందరి ముందూ నిలబడి ఒళ్ళు చూపించాలి. గాయముంటే సరే. లేదంటే ఎందుకు చంపాడో జవాబు చెప్పాలి. ఆ చూసే పని లింగన్నది, అంటే ముసలి ఎద్దుది.

కిందటేడు తోడేలు మందలో పడింది. కుక్క వీరడు దాని పీక పట్టి చంపేశాడు. తెల్లారి చూస్తే వీరడికి సగం చెవి లేదు, డొక్క చీలిపోయింది. లింగన్న ఒకసారి వాసన చూసి, "ఇంకేం అడగక్కర్లేదు. వేరే దారి లేకే చంపాడు" అన్నాడు. అందరూ వీరణ్ణి మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే మరి, ఆ రోజు వాడు లేకపోతే దొడ్డి ఖాళీ అయ్యేది.

ఇక ఎర్రక్క సంగతి. ఎర్రక్క అనే మేకకి ఒక్కగానొక్క పిల్ల, పేరు చిన్నోడు. ఒక సాయంత్రం మంద ఇంటికొచ్చింది, చిన్నోడు రాలేదు. ఎర్రక్క అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. ఈదురుగాలి రోజులవి, పక్కవాడి అరుపు పక్కవాడికి వినపడదు. మర్నాడు పొద్దుగూకే వేళకి, యజమాని కంచెకి కట్టిన ఉచ్చులో కాలు ఇరుక్కుని నక్క దొరికింది.

"దొంగ దొరికాడు! దొంగ దొరికాడు!" గొర్రెలన్నీ ఒక్కటే గోల.

"దొంగనే, కాదనను," అంది నక్క. "ఊళ్ళో ఏ కోడినడిగినా నా చరిత్ర చెబుతుంది. కానీ ఈ మేకపిల్లని నేను ముట్టలేదు తల్లీ. వాడి సంగతి మాత్రం నాకు తెలుసు."

"తెలియకేం! నీ కడుపులో ఉన్నవాడి సంగతి నీకు తెలియదా!" అని ఎర్రక్క దాని మీదికి దూకింది. లింగన్న కొమ్ము అడ్డం పెట్టాడు.

"నేను నక్కనమ్మా. మాట ఊరికే పారేసుకునే జాతి కాదు మాది. ఇప్పుడే చెప్పేస్తే ఇక నాతో మీకేం పని? ఉచ్చు విప్పుతామని అందరూ మాటివ్వండి, చెబుతాను."

చూశారా దాని బుద్ధి! ప్రాణం మీదికొచ్చినా బేరమే.

"దానికి మాటివ్వాలా? సిగ్గులేదూ!" అంది ఎర్రక్క.

లింగన్న అందరి మొహాలూ చూశాడు. "ఇప్పుడెవరి బుర్రా చల్లగా లేదు. తెల్లారనీ, అందరం కూర్చుని తేల్చుకుందాం. ఒరే వీరా, అంతదాకా ఇది నీ పూచీ."

"వదిలేస్తే మళ్ళీ వస్తుంది తాతా."

"నిన్ను వదలమన్నానా? కాయమన్నాను."

ఎర్రక్క వెళ్తూ వెళ్తూ వీరడి దగ్గర ఆగింది. "వీరన్నా, ఇది తెల్లారి కళ్ళు తెరవకూడదు" అంది. వీరడు తోక ఆడించాడు.

తెల్లారేసరికి నక్క చచ్చి పడుంది.

"పారిపోబోయింది తాతా. ఆపబోతే మీదికొచ్చింది. ప్రాణభయంతో పీక పట్టాను," అన్నాడు వీరడు.

లింగన్న నక్క కాలు చూశాడు. ఉచ్చు బిగించింది బిగించినట్టే ఉంది. తాడు గుంజకి కట్టే ఉంది. "కాలికి తాడుండగా ఎక్కడికి పారిపోతుందిరా? సరే, ముందుకు రా. ఒళ్ళు చూపించు."

అంతే, ఎర్రక్క శివమెత్తినట్టు లేచింది. "నా బిడ్డ పోయాడు! చంపినదాన్ని చంపితే, మన వీరణ్ణి పట్టుకుని సోదా చేస్తావా? నక్క తరపు మాట్లాడటానికి నీకు నోరెలా వచ్చింది తాతా? తీసెయ్యండి ఈ పాడు కట్టుబాటు!"

"తీసెయ్యాలి! తీసెయ్యాలి!" అన్నాయి గొర్రెలు. గొర్రెలు ఇంకేమంటాయి?

లింగన్న ఇంకో మాట అనబోయాడు కానీ ఎవరూ వినలేదు. ఎర్రక్క తను తినకుండా దాచుకున్న అవిసె మండ తెచ్చి వీరడి మెడలో దండగా వేసింది. వీరడు ఛాతీ విరుచుకుని దొడ్డంతా తిరిగాడు.

రెండ్రోజులకి గాలి తగ్గింది. కంచె అవతల పాడుబావి మీద కాకులు తిరుగుతుంటే లింగన్న వెళ్ళి లోపలికి తొంగి చూశాడు. వెనకాలే ఎర్రక్క వెళ్ళింది.

అడుగున చిన్నోడు ఉన్నాడు. ముందుకాలు విరిగింది. బావి గోడల్లో మొలిచిన గడ్డి, వాడి మూతికి అందినంత మేరా కొరికేసి ఉంది. రాలిన ఆకు ఒక్కటి మిగల్లేదు. ఒళ్ళు ఇంకా ఉబ్బలేదు.

"ఇవాళ పొద్దుటిదాకా బతికే ఉన్నాడమ్మా," అన్నాడు లింగన్న.

బావి ఒడ్డున మట్టిలో ఎండిపోయిన నక్క అడుగులున్నాయి. వచ్చి, ఆగి, లోపలికి చూసి వెళ్ళిన అడుగులు.

ఎర్రక్క ఎలా పరుగెత్తిందో, నేరుగా వీరడి ముందుకొచ్చి పడింది. వీరడు ఎండలో పడుకుని ఉన్నాడు, మెడలో ఆ దండ వాడిపోయి వేలాడుతోంది.

"లే! ఒళ్ళు చూపించు! మీదికొచ్చిందన్నావే, ఎక్కడ కరిచింది? చూపించు!"

వీరడు బిత్తరపోయాడు. "అదేంటక్కా, ఆ కట్టుబాటు తీసేశాం కదా? తీసెయ్యమన్నది నువ్వే కదా?"

"అవును, నువ్వే," అన్నాయి గొర్రెలు.

"నీ ఏడుపు చూడలేకే చేశానక్కా. తెల్లారి కళ్ళు తెరవకూడదంటివి. దండ కూడా నువ్వే వేస్తివి," అన్నాడు వీరడు. వాడి గొంతులో మోసం లేదు.

లింగన్న వాడి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. తోడేలు నాటి పాత మచ్చలు తప్ప కొత్త గీత ఒక్కటీ లేదు. ఆ మాట పైకి చెప్పాడు కూడా. గొర్రెలు విని మేతకి పోయాయి.

ఆ రాత్రి కాపలాకీ వీరడే నిలబడ్డాడు. ఇంకెవరున్నారు గనక?

ఈ కథకి నీతంటూ ఉంటే ఇదొక్కటే: ఎందుకు చంపావని అడగడం మానుకున్న చోట, చచ్చినవాడు చెప్పాల్సిన మాట ఎవరికీ అందదు.