అరవై మూడు కేజీల బ్యాటరీ

రేగడిపాడులో చెంచయ్య అనే ఆయన ఉండేవాడు. తన చేత్తో ఎత్తి చూసిందే నిజమనీ, పక్కవాళ్లు చెప్పేదంతా వట్టి గోల అనీ ఆయన నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేశాడు. మిర్చి నింపిన గోనె సంచిని అక్కడ టిక్కీ అంటారు. టిక్కీ మూతి పట్టుకుని ఒక్కసారి పైకి లేపి "నలభై రెండున్నర" అనేవాడు. కాటా మీద పెడితే నలభై రెండున్నరే ఉండేది. కొందరు తూకం పెరగాలని మిర్చి మీద నీళ్లు చల్లి తెచ్చేవారు. అలాంటి సంచి తగిలిందంటే చెంచయ్య మొహం ఎర్రబడేది. "ఇంత సంచిలో ఇంత బరువెట్టా వచ్చింది? విప్పు!" అనేవాడు. అడుగుదాకా చెయ్యి పెట్టి, తడి మిర్చి గుప్పెడు తీసి అందరి ముందూ పోసేవాడు. దొంగబుద్ధి గలవాళ్లకు ఆయనంటే హడల్.

యార్డు మానేశాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. గ్యాస్ బండ వస్తే ఎత్తి చూసేవాడు. గుమ్మడికాయ తెస్తే ఎత్తి చూసేవాడు. పక్కింటి పసిబిడ్డను ఎత్తుకుని, "మూడుంబావు. పాలు చాలట్లేదు, చూసుకోండి" అని చెప్పి ఆ తల్లి చేత తిట్లు కూడా తిన్నాడు.

ఆయన కొడుకు లారీ మీద తిరిగేవాడు, నెలలో ఇరవై రోజులు బయటే. ఇంటి దగ్గర కోడలు శివపార్వతి గుడ్లు పొదిగే మిషను పెట్టుకుంది. ఊళ్లో ఆడవాళ్లు తమ నాటుకోళ్ల గుడ్లు తెచ్చి ఇచ్చేవారు. ఎవరి గుడ్ల మీద వాళ్లు బొగ్గుతో గుర్తు పెట్టుకునేవారు. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు పుడితే, పదింటికి రెండు శివపార్వతివి, మిగతావి గుడ్లు తెచ్చినవాళ్లవి. మిషనులో వేడి ఒక్క పూట తగ్గినా లోపలి పిల్లలు చచ్చిపోతాయి. అందుకే మేడ మీద సోలార్ పలకలు పెట్టించారు. ఎండ లేనప్పుడు వాడుకోవడానికి కరెంటు దాచిపెట్టే బ్యాటరీ ఒకటి కావలసివచ్చింది.

మామా కోడలూ టౌనులో పూర్ణచంద్రరావు దుకాణానికి వెళ్లారు. బల్ల మీద రెండు పెట్టెలున్నాయి. రెండూ తెల్లవే. ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. రెండింటి మీదా ఐదు యూనిట్లు అనే రాసుంది. ధరలో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు.

శివపార్వతి కొంగున దోపుకున్న కాగితం తీసింది. అడగాల్సినవన్నీ రాసుకొచ్చింది.

"దీన్లో దాచిన కరెంటులో ఎంత వాడుకోవచ్చండీ? ఎన్నేళ్లకు ఎంత తగ్గుద్ది? ఈ గ్యారంటీ కార్డు మీద కంపెనీ అడ్రసు ఉంది. రెండోదాని మీద మీ దుకాణం ముద్ర తప్ప ఏం లేదేంటి?"

పూర్ణచంద్రరావు ఆమె వైపు చూడనైనా చూడలేదు. "ఏం చెంచయ్యగారూ, కోడలుపిల్ల ఇంజనీరింగ్ చదివిందా?" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. చెంచయ్య కూడా నవ్వాడు.

"చదవకపోయినా అడగొచ్చుగా," అంది శివపార్వతి. "పోనీ ఒక పని చెయ్యండి. రెండిటికీ ఒకేలాంటి బల్బులు తగిలించండి. ఏది ఎంతసేపు వెలుగుద్దో సాయంత్రం దాకా కూర్చుని చూస్తాం."

దుకాణదారు మొహంలో రంగు మారింది. వెంటనే సర్దుకుని నవ్వాడు. "కూర్చోండమ్మా, కుర్చీలకేం కొదవ! అయినా కాటా లాంటి చెయ్యి మీ ఇంట్లోనే ఉండగా బల్బులెందుకు? చెంచయ్యగారూ, ఒక్కసారి ఎత్తి చూడండి."

అంతే, చెంచయ్య పొంగిపోయాడు. ఒక పెట్టెను అంచులు పట్టుకుని కాస్త లేపి, "నలభై ఆరు" అన్నాడు. రెండోదాన్ని లేపి, "అరవై మూడు" అన్నాడు. పూర్ణచంద్రరావు దాన్ని కాటా మీద పెట్టించాడు. అరవై మూడే ఉంది. చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

"సరుకు ఉంది కాబట్టే బరువుంది," అన్నాడు చెంచయ్య. "పాత బ్యాటరీల్లో సీసం ఎంతుంటే అంత మన్నిక. ఆ తేలికది వట్టి డొల్ల. ఈ బరువుదే ఇవ్వు."

"మామయ్యా, ఇవి ఆ యాసిడ్ బ్యాటరీలు కావు," అంది శివపార్వతి. "సైజు ఒకటే, శక్తి ఒకటే అని రాశారు. మరి దీన్లో పదిహేడు కేజీలు ఎక్కువెట్టా వచ్చింది? నాకు అనుమానంగా ఉంది."

"ముప్పై ఏళ్లు తూకాలు చూసినోడికి నువ్వు బరువు నేర్పుతావా? నోరు మూసుకుని పోయి ఆటో పిలువు!"

పదిమందిలో అన్నాడా మాట. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? డబ్బు పోసి కొనే వస్తువు గురించి నాలుగు మాటలు అడగడం నేరమా? శివపార్వతి కాగితం మడిచి, మళ్లీ కొంగున దోపుకుని ఆటో పిలవడానికి వెళ్లింది.

నాలుగు నెలలు ఎవరికీ ఏమీ తెలియలేదు. ఊళ్లో కరెంటు పోయినా అరగంటకో గంటకో వచ్చేది. ఆ కాసేపటికి ఎలాంటి పెట్టె అయినా సరిపోతుంది. ఇంటికి ఎవరొచ్చినా చెంచయ్య దాన్ని తట్టి చూపించి, "అరవై మూడు కేజీలు! చెయ్యి పెట్టి ఎంచుకున్నా" అనేవాడు.

కార్తీకంలో తుఫాను పట్టింది. ఒకరోజు పొద్దున్నే ఊరి బయట కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. ఆకాశం నిండా మబ్బు, ఎండ జాడ లేదు. మిషనులో పద్నాలుగు మంది ఆడవాళ్ల గుడ్లు మూడు వందలున్నాయి. ఆ రోజుకి పద్దెనిమిది రోజులు నిండాయి. ముందురోజు గుడ్డును వెలుతురుకు పెట్టి చూస్తే లోపల పిల్ల కదలడం కనిపించింది.

"భయమేం లేదు. మన పెట్టె ఉందిగా! రేపటిదాకా లాగుద్ది," అన్నాడు చెంచయ్య.

రేపటిదాకా కాదు కదా, మూడు గంటలు కూడా లాగలేదు. పెట్టె రెండుసార్లు కీచుమని అరిచి ఎర్రదీపం చూపించి ఆరిపోయింది. మిషనులో ఫ్యాను ఆగింది. వేడి చూపించే ముల్లు మెల్లగా కిందికి జారసాగింది.

శివపార్వతి వానలో తడుస్తూ ఇంటింటికీ పరిగెత్తింది. ఆడవాళ్లు ఊక నింపిన బుట్టలూ పాత దుప్పట్లూ పట్టుకుని వచ్చారు. పొదుగు మీదున్న కోళ్ల కింద కొన్ని గుడ్లు సర్దారు. మిగతావి దుప్పట్లలో చుట్టి, చుట్టూ వేణ్ణీళ్ల సీసాలు పెట్టారు. చెంచయ్య పొయ్యి ముందు కూర్చుని నీళ్లు కాస్తూనే ఉన్నాడు. మర్నాడు సాయంత్రానికి గానీ కరెంటు రాలేదు.

మూడు వందల గుడ్లలో తొంభై నాలుగు పిల్లలు పుట్టాయి. మిగతావి గుడ్డులోనే చచ్చిపోయాయి.

పిల్లల కోసం ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. శివపార్వతి గుమ్మంలో నిలబడి ప్రతి ఒక్కరికీ వాళ్ల బొగ్గు గుర్తు ఉన్న గుడ్లు చూపించి, "తప్పు నాదే అక్కా" అంది. వీరమ్మ అనే ముసలామె ఇరవై గుడ్లు ఇచ్చింది. నోట్లో వేసుకోకుండా ఒక్కొక్కటే దాచిపెట్టిన గుడ్లు అవి. ఆమెకు దక్కింది ఒక్క పిల్ల. దాన్ని కొంగులో పెట్టుకుని, "నువ్వేం చేస్తావులే తల్లీ" అని వెళ్లిపోయింది.

లోపల మంచం మీద కూర్చున్న చెంచయ్య పద్నాలుగు సార్లు ఆ మాట విన్నాడు. పెట్టె ఎంచుకున్నది తన మామ అని కోడలు ఒక్కరితో కూడా అనలేదు. తిట్టినా ఆయనకు అంత బాధ ఉండేది కాదు. లేచి వెళ్లి, మేస్త్రీ దగ్గర పానా తెచ్చి, పెట్టె మరలన్నీ ఊడదీశాడు.

లోపల ఒక మూలన వాడి పారేసిన పాత బ్యాటరీ సెల్లులు, ఉబ్బిపోయినవి, కట్టగా కట్టి ఉన్నాయి. మిగతా చోటంతా నల్ల టేపు చుట్టిన సిమెంటు దిమ్మె. దాన్ని రెండు చేతులా పైకెత్తాడు. అలవాటు కొద్దీ నోరు దానంతట అదే, "నలభై" అంది.

ఆయన ఒళ్లంతా మండిపోయింది. దిమ్మెను ఆటోలో వేసుకుని నేరుగా దుకాణానికి వెళ్లి పూర్ణచంద్రరావు ముందు బల్ల మీద దబ్బున పడేశాడు.

"ఏందిరా ఇది? అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా? ఆ గుడ్లు ఎవరివో తెలుసా నీకు? కూలికిపోయే ఆడాళ్లవి! నోరుకట్టుకుని దాచుకున్నవి! బ్యాటరీ అని సిమెంటు అమ్ముతావా?"

దారిన పోయేవాళ్లు ఆగారు. దుకాణం ముందు జనం మూగారు. పూర్ణచంద్రరావు మొదట తనకేమీ తెలియదన్నాడు. దిమ్మె మీది టేపు, తన బల్ల మీది టేపు ఒకటేనని జనం చూసేశాక గొంతు మార్చాడు.

"నన్నే అంటారేంటండీ? ఆ తేలిక పెట్టె ఏడాది నుంచీ నా బల్ల మీదే ఉంది. అది నికార్సైన సరుకు. మీలాంటోళ్లు వచ్చి ఎత్తి చూసి, డొల్ల అని వదిలేసి పోయారు. మీకు బరువు కావాలి, నేను బరువిచ్చాను. మీ కోడలు బల్బులు పెట్టమంది. పెట్టుంటే ఆ పూటే నా బండారం బయటపడేది. నోరు మూసుకోమన్నది నేనా, మీరా?"

ఎంత సిగ్గులేని మాట! మోసం చేసి, మోసపోయినవాడినే తప్పు పడుతున్నాడు. చెంచయ్య చెయ్యెత్తాడు. కానీ ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎన్ని వందల టిక్కీల ముందు నిలబడి ఆ ప్రశ్న తను అడిగాడు! ఇంత సంచిలో ఇంత బరువెట్టా వచ్చింది, విప్పు! బరువు ఎక్కువైతే అనుమానించాలని ఊరందరికీ నేర్పింది తనే. సరిగ్గా అదే మాట కోడలు అడిగితే నోరు మూయించింది కూడా తనే.

"నీది మోసం, నాది పొగరు," అన్నాడు చివరికి. "నా పొగరుంది కాబట్టే నీ మోసం సాగింది. ముందు నీ సంగతి తేలుస్తా, తర్వాత నా సంగతి చూసుకుంటా."

అన్నట్టే చేశాడు. ఆ దుకాణంలో బరువు పెట్టె కొన్నవాళ్లందరినీ పేరుపేరునా వెతికి పట్టుకుని విప్పించాడు. తొమ్మిది పెట్టెల్లోనూ సిమెంటే. అందరూ కలిసి వినియోగదారుల కోర్టుకెక్కారు. పూర్ణచంద్రరావు అందరి సొమ్మూ వెనక్కి ఇచ్చి దుకాణం మూసుకున్నాడు.

తర్వాత చెంచయ్య పద్నాలుగు గడపలూ ఎక్కాడు. ప్రతి గుమ్మంలో నిలబడి, "తప్పు మా కోడలిది కాదమ్మా. ఆ పిల్ల అడగాల్సింది అడిగింది. నేనే నోరు మూయించా" అని చెప్పాడు. వీరమ్మ గుమ్మంలోనూ అదే మాట చెప్పాడు.

"ఈ మాట మాకు చెప్పావు సరే," అంది వీరమ్మ. "దానికి చెప్పావా?"

చెప్పలేదు. ఆ పూటే ఇంటికి వెళ్లి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఆ కాగితం ఉందా అమ్మా?" అని అడిగాడు. శివపార్వతి ఆయన మొహంలోకి చూసింది. డబ్బాలోంచి మడత కాగితం తీసింది.

ఈసారి వేరే ఊరి దుకాణానికి వెళ్లారు. అక్కడా చూడటానికి ఒకేలా ఉన్న పెట్టెలు రెండున్నాయి. శివపార్వతి కాగితంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే అడిగింది. రెండింటికీ బల్బులు పెట్టించి సాయంత్రం దాకా కూర్చుంది. దుకాణదారుకు చెంచయ్య పేరు ఎక్కడో విన్నట్టు గుర్తొచ్చింది. "పెద్దాయనా, మీ చెయ్యి గురించి చాలా విన్నాం. ఒకసారి ఎత్తి చూస్తారా?" అన్నాడు.

చెంచయ్య చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"దాని సంగతి ఆ బల్బులు చెప్తాయి," అన్నాడు. "కొనేదేదో మా కోడలు చెప్పుద్ది."

పై నెలలో మిషను మళ్లీ నిండింది. మొదటి బుట్ట వీరమ్మదే.

ఒక పనిలో ఎంత ఆరితేరినా ఆ పనితనం అన్నిటికీ కొలబద్ద కాదు. వస్తువును అది చేయాల్సిన పని చేయించి చూసి కొనాలి, న్యాయంగా ప్రశ్న అడిగేవారి నోరు ఎన్నడూ మూయించకూడదు.