పాలవాగు పట్టా

గుండ్లగిరి రాజు వేదాద్రి భూపతికి కాలు బెణికింది. రాజవైద్యుడు ఊళ్లో లేడని నగర వైద్యశాలకు మోసుకెళ్లారు. అక్కడ ఆయన ఒక్క పాదం చుట్టూ తొమ్మిదిమంది పరిచారికలు మూగారు. అవతల నలభై మంచాల రోగులకు మిగిలింది ఒక్కతే, తాయారమ్మ.

రాజుగారు ఆమె పరుగులు గంటసేపు చూశారు. మర్నాడు సభలో తన కొత్త సరదా బయటపెట్టారు. రోగులకు సేవ చేసేవాళ్లున్నారు గానీ, ఆ చేసేవాళ్లను నడిపే మనిషి లేరట. తాయారమ్మ వెళ్లి వైద్యశాల నిర్వహణ చదివి పట్టా తేవాలి. ఖర్చు ఖజానాది. పెట్టిన ప్రతి వరహాకూ తగ్గ చదువు రావాలి. రాకపోతే ఆ తర్వాత ఆమె కొలువు ఏనుగుల శాలలో.

విద్యాధికారి పేరిశాస్త్రి వెంటనే లేచాడు. కనకపురం విద్యాపీఠం ఉండగా మరో పేరెత్తడమే దండగన్నాడు. ఐదేళ్ల చదువు, వెయ్యి వరహాలు, పట్టుగుడ్డ మీద బంగారు అక్షరాల పట్టా. ఆయన చదివిందీ అక్కడే. ఆ ముఖద్వారం మీద ఆయన పేరు చెక్కి ఉందన్న సంగతి సభలో స్తంభాలకు కూడా కంఠతా వచ్చు.

తాయారమ్మ, చదువు ఎక్కడ బాగుందో స్వయంగా చూసొస్తానని నెల గడువు అడిగి బయల్దేరింది.

కనకపురంలో ఆమెకు చలవరాతి మెట్లు చూపించారు, నెమళ్లను చూపించారు. విద్యార్థులు రోగుల దగ్గర ఎన్నాళ్లు పనిచేస్తారని అడిగితే, రోగుల మీద పద్దెనిమిది గ్రంథాలున్నాయన్నారు. అక్కడ చదివినవాళ్లు నడిపే వైద్యశాలకు వెళ్లి, కడుపునొప్పని మూలుగుతూ కూర్చుంది. గోత్రం రాసుకున్నారు, తాతగారి పేరు రాసుకున్నారు. మధ్యాహ్నం దాకా గుక్కెడు మంచినీళ్లిచ్చిన పాపాన పోలేదు.

అక్కణ్ణుంచి పాలవాగు అనే ఊరికి వెళ్లింది. అక్కడి బడి ఓ పెంకుటిల్లు. రెండేళ్లు, నూరు వరహాలు, తాటాకు పట్టా. సగం రోజు పాఠం, సగం రోజు పక్కనే ఉన్న వైద్యశాలలో పని. అక్కడా మూలిగింది. మూడో మూలుగు పూర్తికాకముందే ఒకామె వచ్చి, నాడి పట్టుకుని చూసి, నీకే రోగమూ లేదు, మంచం ఖాళీ చెయ్యమ్మా అంది. గెంటించుకున్నందుకు తాయారమ్మ జన్మలో అంత సంతోషించలేదు.

తిరిగొచ్చి పాలవాగు పేరు చెప్పగానే పేరిశాస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. తాటాకు పట్టా ఉన్న మనిషి నడిపితే ఆ వైద్యశాలకు పశువులు కూడా రావన్నాడు. సభంతా నవ్వింది. రాజుగారి మనసు పట్టుగుడ్డ వైపు జారిపోవడం తాయారమ్మకు కళ్లారా కనిపించింది. ఆమెకు నలభై మంచాలు గుర్తొచ్చాయి. ఇక్కడ వాదిస్తే ఒరిగేదేమీ లేదనుకుని చేతులు జోడించింది.

"శాస్త్రిగారి మాటే కానివ్వండి ప్రభూ. కనకపురానికే వెళ్తాను. ఒక్క విన్నపం. ఇవాళ్టి నుంచి కొలువులో అధికారులంతా కనకపురం పట్టా ఉన్నవాళ్లు నడిపే వైద్యశాలలోనే చూపించుకోవాలని శాసనం రాయించండి. అంత గొప్ప నిర్వహణ ముందు మన పెద్దలకు దక్కాలి కదా."

రాజుగారికి ఇది బాగా నచ్చింది. లేఖకుణ్ణి పిలిచి, మొదట పేరిశాస్త్రి పేరే రాయమన్నారు.

లేఖకుడు ఘంటం ఎత్తాడో లేదో శాస్త్రి ముఖం పాలిపోయింది. తనకొక్కడికి మినహాయింపు ఇప్పించమని గొణిగాడు.

"ఎందుకయ్యా?" అన్నారు రాజుగారు.

శాస్త్రి అటూ ఇటూ చూశాడు. దారి కనబడలేదు.

"నా మూలవ్యాధికి పాలవాగులో వైద్యం జరుగుతోంది ప్రభూ. అక్కడ పొద్దున ఉన్నామె ఏం చేసిందో సాయంత్రం వచ్చే ఆమెకు తెలిసే ఉంటుంది. మనిషి మారినప్పుడల్లా మళ్లీ మొదట్నుంచీ విప్పి చూపించే అవస్థ ఉండదు."



"నేను నేర్చుకుందామనుకుంటున్నది సరిగ్గా అదే ప్రభూ," అంది తాయారమ్మ.

ముందు రాజుగారి భుజాలు కదిలాయి. తర్వాత కిరీటం కదిలింది. ఆ పైన సభంతా విరగబడి నవ్వింది. రాజుగారు కళ్లు తుడుచుకుంటూ, పాలవాగుకు నూరు వరహాలు, మిగిలిన తొమ్మిది వందలతో వైద్యశాలకు కొత్త పరిచారికలు అని రాయించారు. మెడలో ముత్యాల హారం తీసి తాయారమ్మకు ఇచ్చారు. శాస్త్రికి మెత్తటి దూది దిండు ఒకటి తెప్పించారు.

పాలవాగు వైద్యశాలలో, మూల మంచం మీద బోర్లా పడుకుని ఉత్తరీయంతో ముఖం దాచుకున్న పెద్దమనిషిని తాను చూశానన్న సంగతి మాత్రం తాయారమ్మ ఎవరికీ చెప్పలేదు.